అమ్మకి షుగరు: టీలోకి పంచదారా, బెల్లమా, బిళ్ళలా?

విజీనగరం_అమ్మడు (కంటోన్మెంట్, విజయనగరం)

అందరికీ నమస్కారం. మా అమ్మకి యాభై ఆరేళ్ళు. చూపు మసకేస్తోందని కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తే ముందు రక్తపరీక్ష చేయించమన్నారు. హెచ్‌బీఏ1సీ 8.4 వచ్చింది, అది మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్షట. మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలా, గ్లిమిపిరైడ్ 1 ఎంజీ పొద్దుట రాశారు. "తీపి మానెయ్యండమ్మా" అన్నారు, అంతే. బయట జనం కిటకిటలాడుతున్నారు, ఇంకేం అడుగుతాం.

అమ్మకి టీ లేకపోతే రోజు గడవదు. నాలుగుసార్లు తాగుతుంది, రెండేసి చెంచాల పంచదార. ఇప్పుడు పంచదార మానేసి బెల్లం వేసుకుంటోంది. బెల్లానికి దోషం లేదని పక్కింటి పిన్నిగారు చెప్పారట. మా అన్నయ్య హైదరాబాద్ నుంచి షుగర్‌ఫ్రీ బిళ్ళల డబ్బా పంపాడు. మర్నాడు వదిన ఫోన్ చేసి "అది వాడకండి అత్తయ్యా, క్యాన్సరు వస్తుందట" అంది. మొగుడు పంపిన డబ్బానే! డబ్బా సీలు కూడా తియ్యకుండా దేవుడి గూటి పక్కన ఉంది.

పైగా సంక్రాంతి దగ్గరకొచ్చేసింది. ఎవరి మాట వినాలో చెప్పండి. గొడవ పడకుండా చెప్పండి, మీకు పుణ్యముంటుంది.

చెరుకు_చేను (ఆమదాలవలస దగ్గర)

బెల్లం ఏటీ సెయ్యదమ్మా. మా తాత ఎనభై దాటీదాకా బతికినాడు, రోజూ అన్నంలో బెల్లం ముక్క లేకపోతే కంచం తోసీసీవోడు. ఆమదాలవలస ఫ్యాక్టరీ తిరిగినన్నాళ్ళు దానికే సెరుకు తోలీవోళ్ళం. అది మూతపడినాక సంకిలి ఫ్యాక్టరీకి తోలుతున్నాం. పంచదార ఎలగ సేస్తారో నాకు తెలుసు. రసానికి గంధకం పొగ పట్టిత్తేగానీ ఆ తెలుపు రాదు. బెల్లంలో అయ్యేటీ ఉండవు. ఐరన్ ఉంటాది. ఆ బిళ్ళల జోలికి మాత్రం పోకండి, అయి మందులు.

మందులకొట్టు (విజయనగరం)

చెరుకు_చేను బావగారూ, మీ తాతగారికి షుగరు జబ్బు ఉందా? లేదు కదా. ఈ అమ్మాయి అడుగుతున్నది జబ్బు వచ్చినావిడ గురించి.

కొట్టులో కూర్చుని రోజూ వింటాను ఈ మాట: "పంచదార మానేశానండీ, బెల్లమే." పంచదార దాదాపు మొత్తం సుక్రోజే. బెల్లంలో కూడా ఎక్కువ భాగం సుక్రోజే, దానికి తోడు కొంత గ్లూకోజు, ఫ్రక్టోజు, తేమ, కాస్త ఖనిజాలు. 100 గ్రాముల పంచదారకి 400 క్యాలరీలైతే అంతే బెల్లానికి 380 దగ్గర. తేడా ఇంతే. రక్తంలోకి వెళ్ళాక అది ఏ గానుగ నుంచి వచ్చిందో శరీరం అడగదు. పైగా బెల్లం మంచిదన్న ధీమాతో చెయ్యి కొంచెం ఎక్కువే పడుతుంది, అదీ గమనించాను. ఐరన్ మాటకొస్తే టీలో వేసే చిన్న ముక్కలో వచ్చేది లెక్కలోకి రాదు. రక్తం తక్కువైతే దానికి వేరే మందులున్నాయి.

గంధకం సంగతి నిజమే. కానీ బెల్లం పసుపుపచ్చగా మెరవాలని వండేటప్పుడు హైడ్రోస్ కలిపేవాళ్ళు లేరా? అదీ గంధకం సరుకే. నల్లబెల్లాన్ని చూసి మొహం తిప్పుకునేది మన జనమే.

తేనె, తాటిబెల్లం, పటికబెల్లం, ఖర్జూరం పొడి, కొబ్బరి చక్కెర, అన్నిటికీ ఇదే జవాబు. ధరలో తేడా ఉంటుంది, షుగరు పెంచడంలో పెద్ద తేడా ఉండదు.

విజీనగరం_అమ్మడు

అయ్యో, పిన్నిగారు తాటిబెల్లం కూడా తెచ్చిపెట్టారండీ. మరి బిళ్ళలు? వదిన చెప్పింది నిజమేనా?

సిక్కోలు_మాస్టారు (శ్రీకాకుళం)

అమ్మాయీ, నేను కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి, డాక్టర్ని కాను. నాకూ షుగరుంది. కాబట్టి సగం పాఠం, సగం అనుభవం. కొంచెం పొడుగవుతుంది, టీ పెట్టుకుని చదువుకో.

ముందు నీ డబ్బా వెనక్కి తిప్పు. ముందువైపు రాసిన పేరుతో పనిలేదు, వెనక చిన్న అక్షరాల్లో అంకెలుంటాయి. 951 అంటే ఆస్పర్టేమ్. 955 సుక్రలోజ్. 954 శాకరిన్. 950 ఎసిసల్ఫేమ్ పొటాషియం. 960 స్టీవియా సారం. 965 మాల్టిటాల్, 968 ఎరిథ్రిటాల్. ఈ ఏడూ గుర్తుంచుకుంటే ఏ ప్యాకెట్టూ నిన్ను మోసం చెయ్యలేదు.

వీటిలో మొదటి అయిదూ పంచదారకి వందల రెట్లు తీపి. ఆస్పర్టేమ్ సుమారు 200 రెట్లు, సుక్రలోజ్ 600 రెట్లు. అందుకే చిటికెలో చిటికెడు చాలు, ఆ కొంచెంతో రక్తంలో గ్లూకోజు పెరగదు. చివరి రెండూ వేరే జాతి, షుగర్ ఆల్కహాల్స్ అంటారు. పేరు చూసి కంగారు పడకు, తాగితే మత్తేమీ రాదు. మాల్టిటాల్ మాత్రం పంచదార అంత కాకపోయినా షుగరు పెంచుతుంది. ఎక్కువ తింటే కడుపుబ్బరం, విరేచనాలు. ఎరిథ్రిటాల్ షుగరు పెంచదు. అయితే రక్తంలో అది ఎక్కువున్నవాళ్ళకి గుండెపోటు, పక్షవాతం ఎక్కువ కనిపించాయని 2023లో ఒక అమెరికా పరిశోధన వచ్చింది. అదే కారణమని తేలలేదు. కానీ నాకు గుండెలో స్టెంటు ఉంది, కాబట్టి నేను దాని జోలికి పోను.

ఇక క్యాన్సరు. ఈ భయం శాకరిన్‌తో మొదలైంది. 1879లో ఫాల్‌బర్గ్ అనే రసాయన శాస్త్రవేత్త ల్యాబులో పనిచేసి చేతులు సరిగా కడుక్కోకుండా భోజనానికి కూర్చున్నాడు, రొట్టె తియ్యగా తగిలింది. అలా దొరికింది శాకరిన్. (నా విద్యార్థులకి ఈ కథ చెప్పి, "మీరు మాత్రం చేతులు కడుక్కోండి" అనేవాణ్ణి.) 1970ల్లో ఎలుకలకి బోలెడంత పెడితే మూత్రాశయంలో కంతులొచ్చాయి. అమెరికాలో డబ్బాల మీద హెచ్చరిక వేయించారు. తర్వాత తేలిందేమిటంటే, అది ఎలుక మూత్రం తీరు వల్ల వచ్చిన గొడవ, మనిషికి వర్తించదు. 2000లో ఆ హెచ్చరిక తీసేశారు.

మీ వదిన విన్నది ఆస్పర్టేమ్ గురించి అయ్యుంటుంది. 2023 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ విభాగం దాన్ని 2బి జాబితాలో పెట్టింది. "క్యాన్సరు కారకం కావచ్చునేమో, రుజువు అంతంతమాత్రం" అని ఆ జాబితాకి అర్థం. అదే రోజు ఆహార సంకలితాల మీద ఉన్న మరో నిపుణుల సంఘం పాత పరిమితిని మార్చక్కర్లేదంది. శరీరం బరువు ప్రతి కిలోకి రోజుకి 40 మిల్లీగ్రాములు. మీ అమ్మ అరవై కిలోలనుకో, 2400 మిల్లీగ్రాములు. ఒక బిళ్ళలో ఉండేది 20 లోపు. ఇక లెక్క నువ్వే వేసుకో, రోజుకి వంద దాటాలి. నాలుగు టీలకి రెండేసి వేసుకున్నా ఎనిమిది బిళ్ళలే.

ఫినైల్‌కీటోన్యూరియా అనే అరుదైన పుట్టుజబ్బు ఉన్నవాళ్ళు మాత్రం ఆస్పర్టేమ్ ముట్టుకోకూడదు. లేబుల్ మీద కూడా రాసుంటుంది.

రాజాం_ఇంజినీర్ (రాజాం)

మాస్టారూ, అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే "ఈ స్వీటెనర్లు వాడొద్దు" అని కూడా చెప్పింది కదా? నేను చదివాను. మరి ఇప్పుడు మీరు వాడొచ్చంటున్నారేంటి?

సిక్కోలు_మాస్టారు

మంచి ప్రశ్న. అది మే నెలలో వచ్చింది. బరువు తగ్గడానికో, జబ్బులు రాకుండా ఉండడానికో వీటిని నమ్ముకోవద్దని చెప్పింది, అదీ షరతులతో కూడిన సలహాగా. అప్పటికే మధుమేహం ఉన్నవాళ్ళని ఆ సలహా పరిధిలోంచి తప్పించారు. శీర్షిక చదివి వదిలేస్తే ఇలాగే ఉంటుంది తమ్ముడూ.

ఇంకో మాట. చెన్నైలో షుగరున్నవాళ్ళ మీదే ఒక ప్రయోగం చేశారు. కాఫీ, టీల్లో పంచదార తీసేసి సుక్రలోజ్ ఇచ్చారు, 12 వారాలు. హెచ్‌బీఏ1సీలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పెరగనూ లేదు, తగ్గనూ లేదు. బరువు, నడుము చుట్టుకొలత మాత్రం కాస్త తగ్గాయి. అంటే బిళ్ళ విషమూ కాదు, మందూ కాదు. అది వేసుకున్నందుకు షుగరు దిగుతుందనుకుంటే మాత్రం పొరపాటు.

రాజాం_ఇంజినీర్

ఓకే. మరి డైట్ కోలా? మా నాన్న ఇప్పుడు రోజూ సాయంత్రం ఒకటి లాగించేస్తున్నారు, "జీరో అని రాశాడు కదరా" అంటారు.

మందులకొట్టు

మామూలు కోలా కంటే నయం. మంచినీళ్ళ కంటే నయం కాదు. మజ్జిగలో ఉప్పు తగ్గించి నిమ్మకాయ పిండి ఇవ్వు తమ్ముడూ, నెల ఖర్చు కూడా మిగుల్తుంది.

వంశధార_గట్టు (నరసన్నపేట)

అందరూ టీ కప్పు చుట్టూనే తిరుగుతున్నారు. కంచం సంగతి ఎవరూ ఎత్తట్లేదేంటి?

అప్పా, మీ అమ్మగారి టీల్లో రోజంతా కలిపి ఎనిమిది చెంచాలు. చెంచాకి నాలుగు గ్రాములనుకుంటే 32 గ్రాముల పంచదార. తక్కువని అనను, రోజుకి 25 గ్రాముల లోపు ఉంటే మంచిదని చెబుతారు, జబ్బు లేనివాళ్ళకే. కానీ మధ్యాహ్నం అన్నం ఎంత తింటారు? మా ఇంట్లో వంటింటి కాటా మీద కంచం పెట్టి తూచాం. మా ఆవిడ "ఇదేం పిచ్చి" అని నవ్వింది. వండిన అన్నం 100 గ్రాముల్లో పిండిపదార్థం 28 గ్రాముల దగ్గర. మనవాళ్ళు పప్పుతో ఒకసారి, పులుసుతో ఒకసారి, పెరుగుతో ఒకసారి కలిపేసరికి 300 గ్రాములు సులువుగా దాటుతుంది. అంటే ఒక్క పూటకి 80 గ్రాములు పైమాటే. అరిగాక అదంతా గ్లూకోజే. రాత్రికి మళ్ళీ అంతే.

టీలో బిళ్ళ వేసుకుని "నేను తీపి మానేశాను కదా" అని మారు వడ్డించుకునేవాళ్ళని చాలామందిని చూశాను. వాళ్ళకి షుగరు దిగదు, డాక్టరు మందు పెంచుతాడు, అప్పుడు బిళ్ళ వల్లే పెరిగిందని దాన్ని తిడతారు.

చోడి (రాగి) అంబలి మీద కూడా భ్రమ వద్దు. చోళ్ళు మంచివే. పిండి మెత్తగా విసిరి జావలా కాచి గ్లాసుడు తాగితే అది గబుక్కున అరిగిపోతుంది. తక్కువ తాగి, పక్కన కూర ఎక్కువ తినాలి.

ఒక గ్లూకోమీటర్ కొనండి. ఇక్కడ మేం వందమంది వంద చెబుతాం, మీ అమ్మ రక్తం ఏం చెబుతుందో అదే లెక్క. ఒకరోజు బెల్లం టీతో టిఫిన్ చేసి, మొదటి ముద్ద పెట్టిన దగ్గర్నుంచి రెండు గంటలకి చూడండి. ఇంకోరోజు అదే టిఫిన్, ఉత్త టీ. పక్కపక్కన రాసి అమ్మకే చూపించండి. పిన్నిగారితో వాదన మీరు పెట్టుకోనక్కర్లేదు. తిన్న రెండు గంటలకి 180 దాటకూడదని సాధారణంగా చెబుతారు, మీ అమ్మ వరకు ఎంతన్నది డాక్టరు చెప్పాలి.

చెరుకు_చేను

తూకం ఏసి అన్నం తినీ రోజులొచ్చీసినాయి. బాగుంది.

వంశధార_గట్టు

ఏం చేస్తాం బావా. చెరుకు మాత్రం తూకం వెయ్యకుండా ఫ్యాక్టరీవాళ్ళు తీసుకుంటారేటి?

చెరుకు_చేను

ఆ తూకం గురించి నన్ను కదపకు. అది వేరే చర్చ పెట్టుకోవాలి 😀

ప్రకృతి_మూలిక

[ఈ సందేశం తొలగించబడింది]

నిర్వాహకులు

షుగరుని నలభై రోజుల్లో మాయం చేసే పొడి అంటూ ఫోన్ నంబరుతో పెట్టిన సందేశం తీసేశాం. ఇలాంటివి చూసి ఎవరూ మందులు ఆపకండి. చర్చ సాగించండి.

ఇచ్ఛాపురం_రైలు (ఇచ్ఛాపురం)

ఇంతమంది మాట్లాడారు గానీ అసలు భయపడాల్సింది ఎవరూ చెప్పలేదు. ఆ అమ్మాయి మందులు చూశారా? గ్లిమిపిరైడ్ ఉంది, వేళకి తినకపోతే షుగరుని మరీ కిందికి దించేసే మందు.

మా నాన్నగారిదీ అదే మందు, దానికి మెట్‌ఫార్మినూ వోగ్లిబోసూ కలిపిన బిళ్ళ. మా చిన్నాన్న కూతురి పెళ్ళి పలాసలో. పొద్దుట బిళ్ళ వేసుకున్నారు. ముహూర్తం ఆలస్యం, భోజనం ఇంకా ఆలస్యం. మగపెళ్ళివారి దగ్గర తిరుగుతూ ఏమీ తినలేదు. కాసేపటికి చొక్కా తడిసిపోయేంత చెమట, చేతులు వణుకు, అడిగినదానికి అడ్డదిడ్డంగా జవాబు. ఉక్కపోత అనుకున్నారు అందరూ. షుగరు పడిపోయింది, తీపి పెట్టండని ఎవరో అన్నారు. నిజానికి మంచి మాటే. మా పెద్దత్త వెంటనే తన సంచిలోంచి షుగర్‌ఫ్రీ డబ్బా తీసి నాలుగు బిళ్ళలు నీళ్ళలో కలిపి తాగించేసింది! తియ్యగానే ఉంది. ఒక్క గ్రాము గ్లూకోజు కూడా లేదు. తర్వాత లడ్డూ పెట్టారు, దాంతోనూ తొందరగా తేరుకోలేదు. చివరికి పెళ్ళికొచ్చిన నర్సమ్మగారు ఒకావిడ గ్లూకోజు పొడి తెప్పించి కలిపి తాగించారు. పావుగంటలో మనిషి మామూలయ్యారు, "భోజనాలు అయ్యాయా" అని అడిగారు.

ఆవిడ చెప్పిందే మీకు చెబుతున్నా. షుగరు 70 కంటే దిగితే, లేదా చూసే వీలు లేక లక్షణాలు కనిపిస్తే, 15 గ్రాముల గ్లూకోజు. పావుగంట ఆగి మళ్ళీ చూడాలి, పెరగకపోతే ఇంకోసారి. సర్దుకున్నాక ఏదైనా తినిపించాలి. గ్లూకోజు లేకపోతే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో. కానీ వోగ్లిబోస్, అకార్బోస్ వాడేవాళ్ళకి పంచదార పని చెయ్యడం ఆలస్యం. పంచదారని పేగులో విడగొట్టే పనినే ఆ మందు అడ్డుకుంటుంది కదా. వాళ్ళకి గ్లూకోజే కావాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకూడదు, 108కి ఫోన్.

కాబట్టి ఇంట్లో పంచదార డబ్బా బయట పారెయ్యకండి.

మందులకొట్టు

ఈ సందేశాన్ని అందరూ ఇంకోసారి చదవండి. కార్తీక సోమవారాలు, శివరాత్రి ఉపవాసాల రోజుల్లో మా కొట్టుకి ఇలాంటివాళ్ళు వస్తూనే ఉంటారు. పూట భోజనం మానేసి గ్లిమిపిరైడ్ వేసుకుంటే ఇదే. ఉపవాసం ఉండేట్టయితే ముందే డాక్టర్ని అడిగి ఆ రోజు మందు సంగతి తేల్చుకోవాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకి ఈ బెడద చాలా అరుదు.

విజీనగరం_అమ్మడు

అమ్మ శనివారాలు ఒంటిపూట ఉంటుందండీ! ఈ సంగతి డాక్టరుకి చెప్పనేలేదు మేం. అడుగుతాను.

ఉద్దానం_కొబ్బరితోట (కవిటి)

నాదో మాట అమ్మా. మా వైపు కిడ్నీ జబ్బుల గురించి మీరంతా వినే ఉంటారు. అది షుగరు లేనివాళ్ళకీ వస్తోంది, కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. షుగరు కూడా తోడైతే ఇక చెప్పేదేముంది. మా అన్నయ్యకి రెండూ ఉన్నాయి. పలాసలో కిడ్నీ ఆసుపత్రి వచ్చాక విశాఖ తిరుగుడు తగ్గింది, అది వేరే సంగతి.

కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళు బెల్లం, కొబ్బరినీళ్ళు ఆరోగ్యమని తాగితే చిక్కు. బెల్లంలో పొటాషియం పంచదారలో కంటే చాలా ఎక్కువ, కొబ్బరినీళ్ళలోనూ అంతే. కొబ్బరితోట ఉన్న ఇంట్లో ఉండి మా అన్నయ్య బొండం ముట్టుకోడు. కాబట్టి మీ అమ్మకి క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ ఒకసారి చేయించండి. మెట్‌ఫార్మిన్ ఎంత ఇవ్వాలన్నది కూడా కిడ్నీ పనితీరు చూసే నిర్ణయిస్తారు.

సిక్కోలు_మాస్టారు

సరైన సమయంలో చెప్పారు. ఇంకోటి, అమ్మాయీ: కళ్ళజోడు ఇప్పుడే చేయించారా? షుగరు ఎక్కువగా ఉన్నప్పుడు కంటిలోని కటకం ఉబ్బి పవరు మారుతుంది. షుగరు కుదురుకున్నాక చూపు మళ్ళీ మారొచ్చు. కొన్ని వారాలాగి చేయిస్తే డబ్బు దండగ కాదు. రెటీనా పరీక్ష మాత్రం ఆపకండి, దాన్ని ఏటా చేయించాలి.

విజీనగరం_అమ్మడు

కళ్ళజోడు ఆర్డరు ఇచ్చేశాం మాస్టారూ 😔 రేపే వెళ్ళి ఆపమంటాను.

ఇక పండగ సంగతి చెప్పండి. మేనత్తలు ఇద్దరూ వస్తున్నారు. అరిసెలు, పోకుండలు వండకపోతే అమ్మ ఊరుకోదు. బిళ్ళలతోనో ఆ స్టీవియా పొడితోనో వండొచ్చా?

పోకుండల_పొయ్యి (బొబ్బిలి)

నా పేరు చూసే అడిగినట్టున్నావ్ చెల్లీ.

అరిసెకి బెల్లం ఒక్క తీపి కోసమే కాదు. పాకం పట్టాలి. గిన్నెలో నీళ్ళు పోసి పాకం చుక్క వేస్తే ఉండ కట్టాలి, వేళ్ళతో నొక్కితే మెత్తగా ఉండాలి, అప్పుడు తడిపిండి పోసి కలిపితేనే చలిమిడి సాగుతుంది. సుక్రలోజ్ చిటికెడు వేస్తే తీపి వస్తుందేమో గానీ పాకమేదీ? మా తోడికోడలు కిందటేడు ఏదో పొడి వేసి చేసింది, నూనెలో వెయ్యగానే విడిపోయి బూందీ అయింది. మేం తిన్నాం గానీ దాన్ని అరిసె అని ఎవరూ అనలేదు.

పాయసంలాంటి వాటికి కుదురుతుంది. ఆస్పర్టేమ్ బిళ్ళలైతే పొయ్యి మీద వెయ్యకూడదు, మరిగితే తీపి పోతుంది, దించాక వెయ్యాలి. సుక్రలోజ్ మరుగుని తట్టుకుంటుంది. అయితే ఒవెన్‌లో పెట్టే వేడికీ, వేపుడు నూనె వేడికీ దాన్ని పెట్టొద్దంటారు, విడిపోయి వేరే పదార్థాలు తయారవుతాయట. స్టీవియాకి నాలుక చివర్లో ఒక చేదు తగుల్తుంది. పాలల్లో అంతగా తెలీదు, ఉత్త నీళ్ళలో బాగా తెలుస్తుంది.

పాయసంలో సేమ్యా, సగ్గుబియ్యం ఉంటాయి కదా, అవి మాత్రం పిండే. స్వీటెనర్ వేసినంత మాత్రాన గిన్నెడు తాగెయ్యమని కాదు.

స్వీటు షాపుల్లో "డయాబెటిక్ స్వీట్లు" అని అద్దాల వెనక పెడతారు చూడు, వాటికి దూరంగా ఉండు. కోవా, నెయ్యి, జీడిపప్పు అంతా ఉంటుంది. ధర రెట్టింపు. తీపికి మాల్టిటాల్ వేస్తారు. మా మావయ్యగారు పెళ్ళిలో అవి అరడజను లాగించి రాత్రంతా దొడ్లోకీ ఇంట్లోకీ తిరిగారు.

నా మాట విను. అరిసెలు మామూలుగా బెల్లంతోనే వండండి. చిన్నవి ఒత్తండి. అమ్మ పండగనాడు భోజనం తర్వాత ఒకటి తినాలి, ఆ పూట అన్నం ఒక గరిటె తగ్గించాలి. ఖాళీ కడుపున తినొద్దు. మిగిలిన డబ్బా మేనత్తలకి కట్టి పంపించెయ్యండి, ఇంట్లో ఉంచొద్దు. ఇంట్లో ఉంటే రాత్రి పదింటికి దాని మూత చప్పుడు వినిపిస్తుంది, నాకు తెలుసు.

చెరుకు_చేను

ఇది బాగా సెప్పినావు అప్పా. బెల్లంతోనే వండమన్నావు, సాలు.

వంశధార_గట్టు

బావా, "ఒకటి" అన్న మాట మీరు వదిలేశారు.

రాజాం_ఇంజినీర్

షుగర్‌ఫ్రీ బిస్కెట్ల గురించి కూడా చెప్పెయ్యండి, మా నాన్న కోలాతో పాటు అవి కూడా తెస్తున్నారు.

మందులకొట్టు

వంద గ్రాముల్లో చక్కెరలు అర గ్రాము మించకపోతే "షుగర్ ఫ్రీ" అని రాసుకోవచ్చు. అది చక్కెర గురించిన మాట, పిండి గురించి కాదు. మైదా అంతా అలాగే ఉంటుంది. వెనక పట్టికలో "కార్బోహైడ్రేట్" అన్న గడి చూడు, చాలా బిస్కెట్లలో 60 గ్రాములకి అటూ ఇటూ. "నో యాడెడ్ షుగర్" అయితే ఇంకా జాగ్రత్త, విడిగా చక్కెర కలపలేదనే ఆ మాటకి అర్థం, సరుకులో సహజంగా ఉండే చక్కెర ఉండొచ్చు. మీ నాన్నగారికి గుప్పెడు వేరుశనక్కాయలు పెట్టు, ఉడకబెట్టినవి.

సిక్కోలు_మాస్టారు

అమ్మాయీ, నా పద్ధతి చెప్పి ఊరుకుంటాను. నేను ఒకేసారి మానలేదు. రెండు చెంచాలని ఒకటిన్నర చేశాను, నాలుకకి అలవాటయ్యాక ఒకటి, తర్వాత అర. మధ్యలో కొన్నాళ్ళు బిళ్ళ సాయం తీసుకున్నాను, ముఖ్యంగా సాయంత్రం టీకి. ఇప్పుడు డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర బండి మీద తాగితే ఆ టీ పాకంలా అనిపిస్తుంది, పూర్తిగా తాగలేను. మీ అమ్మకీ ఇలాగే అవుతుందని చెప్పలేను. కొందరికి తీపి లేని టీ ఎన్నాళ్ళైనా మింగుడుపడదు. అలాంటివాళ్ళు రోజుకి రెండు మూడు బిళ్ళలు వేసుకుంటే నాకేమీ అభ్యంతరం కనపడదు. నాలుగు టీలు రెండు చెయ్యడం కూడా చూడండి, పాలల్లోనూ చక్కెర ఉంటుంది.

విజీనగరం_అమ్మడు

అందరికీ చాలా థాంక్స్. అమ్మకి ఫోన్ ఇచ్చి మొత్తం చదివించాను. పెళ్ళి సంగతి దగ్గర ఆగిపోయి రెండుసార్లు చదివింది. డబ్బా వెనక చూస్తే 955 అని ఉంది, వదినకి ఫొటో పంపాను. "అయితే అది వేరేదా" అని మాత్రం అంది. పొద్దుటి టీ, సాయంత్రం టీ ఉంచుతానంది, పొద్దుటిదాన్లో అరచెంచా పంచదార, సాయంత్రం ఒక బిళ్ళ. పిన్నిగారి తాటిబెల్లం చలిమిడికి వాడేస్తుందట. అన్నం తూచడానికి మాత్రం ఒప్పుకోలేదు, "కంచం చిన్నది చేస్తాలే" అంది.

ఒక్క సందేహం. సంచిలో పెట్టుకోడానికి గ్లూకోజు అన్నారు కదా. ఇంట్లో విరేచనాలకి వాడే ఓఆర్‌ఎస్ ప్యాకెట్లున్నాయి, అవి సరిపోతాయా?

మందులకొట్టు

సరిపోవు. ఓఆర్‌ఎస్ లీటరు ప్యాకెట్టులో గ్లూకోజు 13.5 గ్రాములే, లీటరు నీళ్ళూ తాగితే గానీ అంత రాదు, ఉప్పు అదనం. ఉత్త గ్లూకోజు పొడి అడగండి, డబ్బా మీద డెక్స్‌ట్రోజ్ అని ఉంటుంది. దాన్ని మూడు చెంచాల చొప్పున చిన్న కవర్లలో కట్టి, ఒకటి అమ్మ పర్సులో, ఒకటి మీ దగ్గర, ఒకటి పిన్నిగారింట్లో ఉంచండి. కవరు మీద పెద్ద అక్షరాలతో రాయండి, షుగర్‌ఫ్రీ డబ్బా పక్కన మాత్రం పెట్టకండి.